కుండీ మొక్కకు పురుగు పట్టిందా? ముందు ఆకు వెనక్కి తిప్పి చూడండి

కడియపులంక నర్సరీల మీదుగా వస్తూ ఒక్క మొక్కయినా తెచ్చుకోని వాళ్లు మనలో తక్కువ. అంత ఇష్టంగా తెచ్చి హాల్లో పెట్టుకున్న మొక్కకు కొన్నాళ్లకే ఆకులు జిడ్డుగా అవుతాయి, మొక్క మొదలు దగ్గర చీమలు చేరతాయి. పిల్లలు తిరిగే గదిలో పురుగుమందు కొట్టడం మంచిది కాదు, ఆ అవసరమూ లేదు. పట్టిన పురుగేదో పోల్చుకుంటే ఇంట్లో ఉన్నవాటితోనే చాలావరకు అదుపు చేయొచ్చు.

1. కొత్త మొక్కను రెండు వారాలు వరండాలో విడిగా ఉంచండి. కవరు విప్పినప్పుడు వేళ్లు చూడండి. తెల్లటి పిండి అంటుకుని ఉంటే అది వేళ్లను పట్టే పిండినల్లి. పాత మట్టి దులిపి, వేళ్లు కడిగి, కొత్త మట్టిలో నాటండి.

2. ఆకు, కాడ కలిసే మూలల్లో దూదిలా కనిపించేదీ పిండినల్లే. మందారానికీ క్రోటన్‌కీ ఎక్కువగా పడుతుంది. దూదిని సర్జికల్ స్పిరిట్‌లో ముంచి అద్దితే పైనున్న మైనం తడిసిపోయి పురుగు చస్తుంది. దాని గుడ్లు ఒక్కో సంచిలో వందల్లో ఉంటాయి. అందుకే వారానికోసారి, నెల పాటు అద్దాల్సిందే. మొదటి వారంలోనే పోయిందనుకుని వదిలేస్తే మళ్లీ మొదటికి వస్తుంది.

3. చీమల్ని ఆపండి. పిండినల్లి, పేనుబంక వదిలే తియ్యటి బంక కోసం చీమలు వాటికి కాపలా కాస్తాయి, పక్క మొక్కలకూ మోసుకుపోతాయి. పళ్లెంలో నీళ్లు పోసి, మధ్యలో ఇటుక ముక్క పెట్టి, దాని మీద కుండీ ఉంచండి. ఆ నీళ్లు రెండు మూడు రోజులకోసారి పారబోయాలి, లేకపోతే దోమలు పెరుగుతాయి.

4. వేపనూనె ఒట్టి నీళ్లలో కలవదు. చాలామందికి పని చేయకపోవడానికి కారణం ఇదే. నాలుగైదు కుంకుడుకాయలు రాత్రి నానబెట్టి పిసికి వడకట్టండి. ఆ రసంలో ఒక చెంచా, అంటే 5 మి.లీ. నూనె వేసి బాగా గిలక్కొట్టి, లీటరు గోరువెచ్చటి నీళ్లు కలపండి. పాలలా తెల్లబడాలి. పైన నూనె తేలితే కొట్టకండి, ఆకు మాడుతుంది. ముందు ఒక ఆకు మీద కొట్టి మర్నాడు చూడండి. ఎండ దిగాక, ఆకు అడుగు తడిసేలా, వారం తేడాతో మూడుసార్లు కొట్టండి. పేనుబంకకూ తెల్లదోమ పిల్లలకూ ఇది బాగా పనిచేస్తుంది. ఏ పూటకా పూటే కలుపుకోవాలి.

5. రోహిణి కార్తె ఎండల్లోనూ, ఏసీ గదుల్లోనూ ఎర్రనల్లి వస్తుంది. ఆకు కింద తెల్ల కాగితం పట్టి తట్టండి. రాలిన చుక్కలు కదిలితే అదే. దీనికి నీళ్లే మందు: మొక్కను బాత్రూంలోకి తీసుకెళ్లి ఆకుల అడుగు భాగం ధారగా కడగండి.

6. వానాకాలంలో కుండీ చుట్టూ ఎగిరే చిన్న నల్ల ఈగల పిల్లలు తడి మట్టిలో పెరుగుతాయి. పైమట్టి అంగుళం లోతు ఆరేదాకా నీళ్లు పోయకండి.

7. పెరట్లో కొబ్బరి చెట్టుంటే అరెకా పామ్‌ను కనిపెట్టి ఉండండి. ఆకు అడుగున తెల్లటి చుట్టలు కనిపిస్తే సర్పిలాకార తెల్లదోమ వచ్చినట్టు. 2016లో తమిళనాడులోని పొల్లాచ్చి ప్రాంతంలో మొదలై, తర్వాత మన కొబ్బరి తోటల్ని పట్టిన పురుగే ఇది. దాని బంక మీద పెరిగే నల్లటి మసికి గంజి మంచి మందు. పల్చటి గంజి చల్లితే ఆరాక మసి పొరలుగా రాలుతుంది. అంబాజీపేట ఉద్యాన పరిశోధన కేంద్రం ఈ దోమ మీదికి ఇసారియా అనే శిలీంధ్రాన్ని పెంచి రైతులకు అందించింది. ఎన్‌కార్సియా అనే కందిరీగ జాతి చిన్న పురుగు కూడా తెల్లదోమ పిల్లల్లో గుడ్లు పెట్టి వాటిని చంపుతుంది. నల్లబడి, గుండ్రటి చిల్లు పడ్డ పిల్లలు కనిపిస్తే ఆ పురుగు పని మొదలుపెట్టినట్టే. అలాంటి మొక్క మీద వేపనూనె కూడా కొట్టకుండా, కొన్నాళ్లు పెరట్లో నీడపట్టున ఉంచండి.