దించిన కారు షెడ్డుకొస్తే

ఆదోని, ఎమ్మిగనూరు షెడ్లలో పనిచేసే తమ్ముళ్లకు ఈ బేరం కొత్తేమీ కాదు. బెంగళూరు నుంచో బళ్లారి నుంచో సెకండ్ హ్యాండ్ స్విఫ్ట్ ఒకటి వస్తుంది. పాత ఓనరు స్ప్రింగులు మార్పించి దాన్ని కిందికి దింపించి ఉంటాడు. కొన్నాయన వచ్చి "అన్నా, ముందు టైర్లు లోపలివైపు అరిగిపోతున్నాయి, అలైన్‌మెంట్ చేసియ్యి" అంటాడు. వెంటనే మిషన్ ఎక్కించకండి.

ముందు టైరు మీద అరచెయ్యి పెట్టి అడ్డంగా లోపలికోసారి, బయటికోసారి నిమరండి. ఒకవైపు నున్నగా జారి, తిరిగొచ్చేటప్పుడు రంపంలా గీరుకుంటే తప్పు టోలో ఉన్నట్టు. ఎటు నిమిరినా నునుపే, లోపలి అంచు మాత్రం బోడిగా ఉందంటే క్యాంబర్. దించిన కార్లలో తరచూ రెండూ ఉంటాయి. చక్రం వాలు కంటికి కనబడుతుంది కాబట్టి అందరూ క్యాంబర్‌నే తిడతారు గానీ, టైరును తొందరగా తినేది టోనే.

కారు దిగితే లోయర్ ఆర్మ్ కోణం మారి చక్రం పైభాగం లోపలికి వాలుతుంది, టై రాడ్డు కోణమూ మారి టో తప్పుతుంది. అందుకే ముందు ఎత్తు, తర్వాత క్యాంబర్, చివర టో. వరస తప్పితే చేసిన పనే మళ్లీ చెయ్యాలి. రెండోసారి కూలి ఎవరిస్తారు?

కొలిచే ముందు నాలుగు టైర్లకూ గాలి సరిచెయ్యండి. జాకీ దించాక కారును కాస్త ముందుకూ వెనక్కూ తోస్తే గానీ సస్పెన్షన్ కుదురుకోదు. అప్పుడు చక్రం నడిమి నుంచి ఫెండర్ అంచు దాకా టేపు పెట్టండి. బుష్ బోల్టుల చివరి బిగింపు చక్రాలు నేల మీద ఉన్నప్పుడే. గాల్లో బిగిస్తే రబ్బరు మెలిపడి త్వరగా చిరుగుతుంది.

ఇక ఎత్తు ఎంత ఉండాలి? ఇటీవలి స్విఫ్ట్‌ల గ్రౌండ్ క్లియరెన్స్ 163 మిల్లీమీటర్లు. 40 తగ్గిస్తే మిగిలేది 123. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ (ఐఆర్‌సీ) లెక్క ప్రకారం పోసిన స్పీడ్ బ్రేకరే 100 మిల్లీమీటర్లు ఉంటుంది. ఊరోళ్లు సొంతంగా పోసుకున్న గుట్టలకు ఆ లెక్కా లేదు. పైగా మనది నల్లరేగడి. వానకు ఉబ్బి, ఎండకు కుంగి పైనున్న రోడ్డును ఎగుడుదిగుడు చేస్తుంది. గురువారం ఐదుగురెక్కి మంత్రాలయం బయల్దేరితే ఆ 123 కూడా ఉండదు. కాబట్టి ఓనరుతో పాటు ఇంకో నలుగురిని కూర్చోబెట్టి, స్టీరింగ్ రెండు వైపులా చివరిదాకా తిప్పి, టైరు ఎక్కడైనా తగులుతోందేమో చూడండి. మరలున్న కాయిలోవర్ అయితే రింగు తిప్పి ఎత్తు పెంచొచ్చు. మామూలు లోయరింగ్ స్ప్రింగులైతే అవి తీసేసి కంపెనీవే వేసుకోమనడం మంచిది. బేరం పోతుందేమో, పోనివ్వండి.

క్యాంబర్ సంగతికొస్తే, స్ట్రట్‌ను నకిల్‌కు పట్టి ఉంచే రెండు బోల్టుల్లో ఒకదాని చోట క్యాంబర్ బోల్టు వేస్తే ఒక డిగ్రీ, ఒకటిన్నర డిగ్రీ దాకా సరిదిద్దుకోవచ్చు. ఆకురాయితో బొక్క సాగదీసి సరిపెట్టే పని మాత్రం వద్దు. గుంతలో పడ్డప్పుడు అది జారుతుంది. కుడి ఎడమల మధ్య అర డిగ్రీ మించి తేడా ఉంటే బండి పక్కకు లాగొచ్చు. వెనక ట్విస్ట్ బీమ్ ఉన్న కార్లకు మామూలుగా సరిచేసే వీలే ఉండదు, ఆ మాట ముందే చెప్పండి.

స్ప్రింగు కోసి దించమని ఎవరైనా అడిగితే కాదనండి. కోసిన స్ప్రింగు, చక్రం కిందికి వేలాడినప్పుడు సీటు వదిలేస్తుంది. అనుమతి లేని మార్పు చేయించిన ఓనరుకు మోటారు వాహనాల చట్టంలో 2019 సవరణతో వచ్చిన 182ఏ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ పడొచ్చు. ఇది కూడా ఆయన చెవిన వెయ్యండి.

పని అయ్యాక పాత అంకెలూ కొత్త అంకెలూ బిల్లు మీద రాసివ్వండి, ఒక కాపీ మీ దగ్గర పెట్టుకోండి. రేపు ఏదైనా మాటొస్తే మీకు అక్కరకొచ్చేది ఆ కాగితమే.