ప్రయోగశాలలో అగ్ని: కొన్ని జాగ్రత్తలు

మేము తెలుగు బోధించేవారమే అయినా, రసాయనశాస్త్ర ప్రయోగశాల గుమ్మం మాకు కొత్తది కాదు. ఇంటర్మీడియట్ చదివే రోజుల్లో, ఆరిపోయిందనుకొన్న సారాయి దీపంలో సహాయకుడొకరు సీసానుండి స్పిరిటు పోయడం మేము కళ్లారా చూచితిమి. పగటి వెలుగులో ఆ సన్నని జ్వాల ఎవరికీ కనబడలేదు. ఆయన ముంజేయి కాలింది. ఆ దృశ్యమే ఈ వ్యాసానికి ప్రేరణ.

విద్యార్థులు మొదట గ్రహించవలసిన సత్యం ఒకటున్నది. మండేది ద్రవం కాదు, దానినుండి లేచే ఆవిరి. నిప్పు తగిలితే అంటుకొనేటంత ఆవిరి లేచే కనిష్ఠ ఉష్ణోగ్రతను ఫ్లాష్ పాయింటు అంటారు. అది మిథనాలుకు సుమారు 11 డిగ్రీల సెంటీగ్రేడు, ఇథనాలుకు 13. అసిటోనుకు సున్నాకు దిగువన 20, ఈథరుకు దిగువన 45. అనగా పాఠం జరిగే వేళ ఇవన్నీ అంటుకొనుటకు సిద్ధంగానే ఉంటాయి. ఈథరు 35 డిగ్రీల వద్దనే మరుగుతుంది. మన నగరంలో వేసవి మధ్యాహ్నం 40 దాటుతుంది. దాని ఆవిరి గాలికంటె రెండున్నర రెట్లు బరువు. పత్తర్‌గట్టీలో అత్తరు సీసా మూత తీస్తే పరిమళం వీధి చేరినట్లు, ఈ ఆవిరి బల్ల మీదుగా పాకి దూరాన ఉన్న బర్నరును చేరుతుంది. మంట అదే దారిన సీసా వరకు వెనుకకు వస్తుంది.

2014లో అమెరికాలోని న్యూయార్క్, డెన్వర్ పాఠశాలల్లోను, రినో నగరపు మ్యూజియంలోను మిథనాలుతో జరిపిన ప్రదర్శనల్లో పిల్లలు గాయపడ్డారు. పెద్ద సీసానుండి నేరుగా పోయగా, మంట సీసాలో ప్రవేశించి ప్రేక్షకుల వైపు ఎగజిమ్మింది. మన నగరంలోనే 2023 నవంబరు 13న నాంపల్లి బజార్‌ఘాట్‌లో నివాసభవనం కింది భాగాన నిల్వ ఉంచిన రసాయన డ్రమ్ములు అంటుకొని కనీసం తొమ్మిదిమంది మరణించారు. నిల్వలోని అజాగ్రత్త పైఅంతస్తులవారిని సైతం విడువలేదు.

కావున మండుతున్న దానిపై ద్రవం పోయరాదు. ప్రదర్శనకు కావలసిన కొద్ది మిల్లీలీటర్లే తెచ్చి, పెద్ద సీసాను మూతపెట్టి గది వెలుపల ఉంచవలెను. రంగుల జ్వాలలు చూపుటకు మిథనాలు అవసరమే లేదు. లవణద్రావణంలో నానిన చెక్కపుల్లను బర్నరు మంటలో ఉంచితే చాలు. సోడియం పసుపు, రాగి ఆకుపచ్చ, స్ట్రాన్షియం ఎరుపు చూపుతాయి. విద్యార్థులు దూరంగా కూర్చోవలెను. ఉపాధ్యాయుడు కంటి అద్దాలు ధరించవలెను.

కళాశాల సంఘం పెద్దలకు మా విన్నపమొకటి. ప్రయోగశాలకు రెండవ ద్వారం, అగ్నిమాపక యంత్రం, ద్రవాలకు ఇనుప బీరువా కల్పించండి. విజ్ఞానం కోసం మనకు పిల్లలను అప్పగించిన తల్లిదండ్రులకు, సాయంకాలం వారిని క్షేమంగా తిరిగి అప్పగించుట మన ప్రథమ ధర్మం.