మైకు ముందు మన ఊరి మాట

కందుకూరు మండలం మీర్‌ఖాన్‌పేటలో 2024 ఆగస్టు 1న యంగ్ ఇండియా స్కిల్స్ యూనివర్సిటీకి శంకుస్థాపన జరిగితే ఆ వార్త ఊరూవాడా తెలిసింది. అదే మండలంలో ఏ బోరు ఎండింది, టమాట ధర ఎందుకు పడింది, ఒగ్గుకథ చెప్పే పెద్దాయన దగ్గర ఎవరైనా నేర్చుకుంటున్నారా అన్నది మాత్రం ఎవరో పనిగట్టుకుని తిరిగి చెబితేనే తెలుస్తుంది. అలా తిరిగి రేడియోలో చెప్పే ఉద్యోగం ఒకటుంది. డిగ్రీ చేతికొచ్చిన మన పిల్లల్లో చాలామందికి ఆ దారి ఉందనే తెలియకపోవడం నాకు బాధగా ఉంటుంది.

ముందుగా తెలుసుకోవాల్సింది ఒకటి. మన దేశంలో ప్రైవేటు ఎఫ్‌ఎం స్టేషన్లకు సొంతంగా వార్తలు చదివే అనుమతి లేదు. రేడియోలో వార్తల పని చేయాలంటే ఆకాశవాణి గడప తొక్కాల్సిందే. దక్కన్ రేడియోగా మొదలైన హైదరాబాద్ కేంద్రం 1950 ఏప్రిల్ 1న ఆలిండియా రేడియోలో కలిసింది. రేడియో చిన్నక్కగా పేరుపడ్డ రతన్ ప్రసాద్ తెలంగాణ యాసలో మాట్లాడి ఇంటింటి మనిషి అయ్యింది ఆ కేంద్రం నుంచే. కాబట్టి యాస ఉందని వెనకాడకండి. కార్యక్రమాల్లో అది మీ బలం. వార్తల్లో మాత్రం ల-ళ, న-ణ, శ-ష-స తేడాలు, ఒత్తులు స్పష్టంగా పలకాలి. ఆడిషన్‌లో చాలామంది తడబడేది ఇక్కడే. రోజూ పది నిమిషాలు పేపరు పైకి చదివి ఫోన్‌లో రికార్డు చేసుకుని వినండి. మొదటి వారం మీ గొంతు మీకే నచ్చదు. అయినా ఆపకండి.

ఇక దారులు. క్యాజువల్ అనౌన్సర్లు, న్యూస్ రీడర్ల కోసం ఆకాశవాణి అప్పుడప్పుడు ప్రకటన ఇస్తుంది. పరీక్ష, ఆడిషన్ ఉంటాయి. అనౌన్సర్లకు ‘వాణి’ అనే శిక్షణ కూడా ఉంది. అయితే క్యాజువల్‌కు నెలకు దొరికేవి సుమారు ఆరు డ్యూటీలే. వాటితో ఇల్లు గడవదు. పక్కన టీచింగో, అనువాదమో, డబ్బింగో పెట్టుకునే ఇటు రండి. జిల్లాల్లో ఆకాశవాణికి పార్ట్‌టైమ్ కరస్పాండెంట్లు ఉంటారు. వారిని జిల్లా కేంద్రంలోనో, దాని దగ్గరలోనో ఉండేవాళ్లలోంచి ఎంచుకుంటారు. మన రంగారెడ్డి జిల్లా కలెక్టరేటు కొంగరకలాన్‌లోనే ఉంది కనుక ఇటువైపు వాళ్లు ఆ పోస్టుల ప్రకటన మీద కన్నేసి ఉంచాలి. ఉస్మానియా, హైదరాబాద్ విశ్వవిద్యాలయాల్లో జర్నలిజం, కమ్యూనికేషన్ కోర్సులున్నాయి. హైదరాబాద్ విశ్వవిద్యాలయానికి ‘బోల్ హైదరాబాద్’ అనే సొంత రేడియో కూడా ఉంది. చదువుతూనే మైకు పట్టుకోవచ్చు.

నా మనసంతా మాత్రం జహీరాబాద్ దగ్గరి మాచ్‌నూర్ మీదే. అక్కడి సంగం రేడియోను దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ తోడుతో దళిత మహిళలు నడుపుతారు. ప్రసారానికి అనుమతి రాకముందే వాళ్లు ఏళ్ల తరబడి కార్యక్రమాలు రికార్డు చేసి, ఆ క్యాసెట్లను ఊరి సంఘాల్లో వినిపించారు. గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని 1995లో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. 2006లో కమ్యూనిటీ రేడియో విధానం స్వచ్ఛంద సంస్థలకూ తలుపు తెరిచింది. 2008 అక్టోబరు 15న ఎఫ్‌ఎం 90.4 మీద వాళ్ల గొంతు పలికింది. ఆ రోజు ప్రారంభించింది 1995 తీర్పు రాసిన జస్టిస్ పి.బి. సావంతే. జనరల్ నర్సమ్మ, అల్గోల్ నర్సమ్మ ఆ స్టేషన్‌ను ముందుండి నడిపారు. చిరుధాన్యాలు, విత్తనాలు, పండుగ పాటలు, నాటు వైద్యం అన్నీ అందులో వినిపించాయి. కనీసం మూడేళ్లు పనిచేసిన, లాభాపేక్ష లేని రిజిస్టర్డ్ సంస్థ కమ్యూనిటీ రేడియో లైసెన్సుకు దరఖాస్తు చేసుకోవచ్చు. ట్రాన్స్‌మిటర్ చిన్నదే, చుట్టూ పది పదిహేను కిలోమీటర్లు వినిపిస్తుంది. ఒక మండలానికి అది చాలు. ఇలాంటి స్టేషన్లలోనూ వార్తలంటే ఆకాశవాణివే. స్టేషన్ సొంతంగా చేసేది ముచ్చట, పాట, సాగు సమాచారం.

ఇంటర్వ్యూకు వెళ్లేనాటికి మీ దగ్గర సర్టిఫికెట్లతో పాటు మీరు చేసిన మూడు నిమిషాల కథనాలు నాలుగైదు ఉండాలి. ఫోన్ చాలు. గాలి తగలకుండా మైకు దగ్గర పెట్టి, ముందు అర నిమిషం చుట్టూ ఉన్న చప్పుడు పట్టండి. వాక్యం ఒక్క ఊపిరిలో చదవగలిగేంత ఉండాలి. చూసి చదివేవాడికి వెనక్కి వెళ్లే వీలుంటుంది, వినేవాడికి ఉండదు. అందుకే ‘పైన చెప్పినట్టు’ వంటి మాట రేడియోలో పనికిరాదు. రికార్డు ఆపేముందు మాట్లాడిన మనిషి చేతనే పేరు, ఊరు, తేదీ చెప్పించుకోండి. బతుకమ్మ పాట పాడిన అవ్వ ఎవరో పదేళ్ల తర్వాత వెతికేవాళ్లకు ఆ మూడు మాటలే ఆధారం.