కొల్లేటిని పైనుంచి చూసి నేర్చుకున్నవి

ఉపగ్రహ చిత్రాల పనిలోకి కొత్తగా వచ్చిన పిల్లలు నన్ను సాఫ్ట్‌వేర్ గురించి అడుగుతుంటారు. అది మీకే బాగా తెలుసు. నేను చెప్పగలిగింది కొల్లేరు సరస్సు నాకు నేర్పింది మాత్రమే.

1. బొమ్మ పట్టుకుని దోనె ఎక్కండి. 1988 మార్చిలో మన ఐఆర్‌ఎస్-1ఏ ఉపగ్రహం పైకి వెళ్లింది. అందులో లిస్-1 కెమెరాకు ఒక్కో పిక్సెల్ 72.5 మీటర్లు, లిస్-2కి 36.25. ఆ ప్రింట్లలో పచ్చదనం ఎర్రగా పడుతుంది. సరస్సు అంచున ఒక ఎర్ర మచ్చ చూసి వరి అని రాసేశాను. దోనె నడిపే పెద్దాయన నన్ను సరిగ్గా అక్కడికే తీసుకెళ్లి, "వరి ఎక్కడిది బాబూ, అంతా గుర్రపు డెక్క" అన్నాడు. ఆ పక్కనే కిక్కిస దుబ్బులు. నేను పంట అని లెక్కగట్టింది సరస్సు ఊపిరి తీస్తున్న కలుపు. ఆ పటం మొత్తం మళ్లీ గీశాను.

2. ఒక్క తేదీ చిత్రంతో తీర్పు చెప్పకండి. పట్టుబడి అయ్యాక నీరు తోడేసి ఎండబెట్టిన చేపల చెరువు, బీడు భూమిలా కనిపిస్తుంది. బుడమేరు, తమ్మిలేరు పొంగి సరస్సులోకి వచ్చే రోజుల్లోనేమో పైన మబ్బు. 2012లో రిశాట్-1 రాడార్ వచ్చాక మబ్బు వెనక నీరు కూడా కనిపించింది. అంతకుముందు వరద తీశాక వచ్చిన చిత్రాలతోనే ఊహించుకునేవాళ్లం.

3. తిన్నని గీత కనిపిస్తే మనిషి కోసం వెతకండి. సరస్సు తనంతట తాను లంబకోణాలు గీయదు. ఏడాదికేడాది కొల్లేటి చిత్రాల్లో దీర్ఘచతురస్రాలు పెరుగుతూ వచ్చాయి. గట్టు ఎక్కడుందో చిత్రం చెబుతుంది. ఆ గట్టు లోపలి చెరువు ఎవరిది, లీజు ఎవరి పేరున ఉంది, కూలి ఎవరిది అన్నది చెప్పదు. 1999లో ఐదో కాంటూరు (ఎత్తు గీత) వరకు, సుమారు 308 చదరపు కిలోమీటర్లు, అభయారణ్యంగా ప్రకటించారు. 2006లో దాని లోపలి చెరువుల గట్లు తెగ్గొట్టారు. ఆ తర్వాతి చిత్రంలో గీతలు చెదిరి నీరు పరుచుకోవడం చూసి సంతోషించాను. ఇప్పటికీ ఆ పని అవసరమే అంటాను. కానీ ఊళ్లలోకి వెళితే, ఆ గట్ల మీద కూలి చేసుకుని బతికినవాళ్లు పని వెతుక్కుంటూ వెళ్లిపోయారని తెలిసింది. వాళ్ల ఇళ్లు చిత్రంలో ఎప్పటిలాగే ఉన్నాయి. కప్పు ఉన్నంత మాత్రాన కింద మనుషులు ఉన్నట్టు కాదు. జనం గురించి రాసేటప్పుడు ఈ ఒక్కటీ మరవకండి.

4. జనాభా లెక్కలు ఊరి హద్దును బట్టి నడుస్తాయి, నీరు పల్లాన్ని బట్టి నడుస్తుంది. ఈ రెండింటినీ ఒకే పటంలో అతికేముందు హద్దులు ఎక్కడ తప్పుతున్నాయో చూసుకోండి. కొబ్బరి చెట్ల కింది లంక గ్రామం పాత చిత్రాల్లో వట్టి తోటగా పడేది. ఇప్పుడు రాత్రి దీపాల చిత్రాలతో జనాన్ని అంచనా వేస్తున్నారు. రొయ్యల చెరువు గట్టు మీద కూడా రాత్రంతా దీపాలు వెలుగుతాయి, అక్కడ కాపురాలు ఉండవు.

5. తేదీ, చోటు, చెప్పినవారి మాట నోటుబుక్కులో రాసుకోండి. 1972 నుంచి ఉన్న ల్యాండ్‌శాట్ చిత్రాలు 2008 నుంచి ఉచితంగా దొరుకుతున్నాయి. ఆనాడు గట్టు మీద నిలబడి మాట్లాడినవాళ్లు మళ్లీ దొరకరు.

6. చేసిన పటం ఊరికి తిరిగి తీసుకెళ్లండి. ఒకసారి రచ్చబండ మీద ప్రింటు పరిచాను. ఒకావిడ వంగి చూసి, రెండు చెరువుల మధ్య వేలు పెట్టి, "ఇక్కడ ఉప్పుటేటికి పోయే పాయ ఉండేదయ్యా, పూడ్చేశారు" అంది. చిత్రంలో ఏమీ లేదు. తిరిగొచ్చి పాత టోపోషీటు తీశాను. ఆవిడ వేలు పెట్టిన చోటే సన్నటి నీలం గీత ఉంది.