ఫోను తాళానికి వేలా, కన్నా?



ఇంటి తాళంచెవి పోతే మరొకటి చేయించుకుంటాం. ఏటీఎం పిన్ నంబరు ఎవరికైనా తెలిసిపోతే మార్చుకుంటాం. మరి వేలిముద్ర ఎవరి చేతికైనా చిక్కితే? శరీరాన్నే తాళంచెవిగా వాడుకునే పద్ధతిని బయోమెట్రిక్స్ అంటారు. స్మార్ట్‌ఫోను తెరవడానికి వేలు మంచిదా, కన్ను మంచిదా అన్న చర్చ ఖరీదైన ఫోన్లు కొనేవారిదే అనుకోకండి. రేషను షాపు ముందు నిలబడే మన అమ్మానాన్నలకు కూడా దీనితో పని ఉంది.

వేలిముద్రతో మనిషిని గుర్తుపట్టే విద్యకు ఒక రకంగా మన దేశమే పుట్టిల్లు. 1858లో బెంగాల్‌లోని జంగీపూర్‌లో విలియం హెర్షెల్ అనే అధికారి, రాజ్యధర్ కొనాయ్ అనే కాంట్రాక్టరు చేత ఒప్పంద పత్రం మీద అరచేతి ముద్ర వేయించాడు. 1897లో కలకత్తాలో వేలిముద్రల బ్యూరో ఏర్పడింది. ముద్రలను వర్గీకరించే పద్ధతి కోసం అజీజుల్ హక్, హేమచంద్ర బోస్ ఎంతో శ్రమించారు. పేరు మాత్రం పై అధికారి ఎడ్వర్డ్ హెన్రీకి దక్కింది. (పని ఒకరిది, పేరు ఒకరిది కావడం అప్పటికీ కొత్త కాదు లెండి.)

ఫోన్లలో ఈ పద్ధతి 2013లో వచ్చిన ఐఫోన్ 5ఎస్ తర్వాత బాగా వ్యాపించింది. మన వేలి మీద సన్నని గట్లు, వాటి మధ్య పల్లాలు ఉంటాయి. గట్టు సెన్సారుకు తగులుతుంది, పల్లం తగలదు. ఆ తేడాను కొలవడానికి చాలా ఫోన్లు వాడేది మనం ఇంటర్ ఫిజిక్సులో చదివే కెపాసిటరు సూత్రమే.

ఇక కన్ను. చాలామంది దీన్ని రెటీనా అనుకుంటారు. ఫోన్లలో చూసేది రెటీనాను కాదు, కనుపాప చుట్టూ ఉండే రంగు వలయాన్ని, అంటే ఐరిస్‌ను. దానిలోని గీతలు కవల పిల్లల్లో కూడా ఒకేలా ఉండవు. అంతెందుకు, మన కుడికన్ను ఎడమకన్నే ఒకదానితో ఒకటి సరిపోలవు. కేంబ్రిడ్జి శాస్త్రవేత్త జాన్ డాగ్‌మన్ ఈ గీతలను 2048 బిట్ల సంకేతంగా మార్చే పద్ధతి కనిపెట్టాడు. మన నల్లని కళ్లలో గీతలు మామూలు వెలుతురులో సరిగా కనిపించవు కనుక స్కానర్ పరారుణ కిరణాలతో ఫోటో తీస్తుంది. 1984లో శరణార్థి శిబిరంలో స్టీవ్ మెక్‌కరీ ఫోటో తీసిన అఫ్గాన్ బాలిక షర్బత్ గులా గుర్తుందా? 2002లో ఆమె మళ్లీ దొరికినప్పుడు, పాత ఫోటోలోని కళ్లతో పోల్చి ఆమే ఈమె అని తేల్చింది డాగ్‌మనే.

ఇంత గట్టి పద్ధతి ఫోన్లలో ఎందుకు నిలవలేదు? 2015లో జపాన్‌లో ఫుజిట్సు, 2016లో శామ్‌సంగ్ నోట్ 7, 2017లో గెలాక్సీ ఎస్8 ఐరిస్ స్కానర్‌తో వచ్చాయి. ఎస్8 వచ్చిన కొద్ది వారాలకే జర్మనీలోని కయాస్ కంప్యూటర్ క్లబ్ దాన్ని మోసగించింది. నైట్ మోడ్‌లో తీసిన కంటి ఫోటోను లేజర్ ప్రింటరుపై ముద్రించి, దానిపై ఒక కాంటాక్ట్ లెన్స్ పెట్టారు, అంతే! పైగా ఎండలో కూడా పరారుణ కిరణాలుంటాయి కాబట్టి ఆరుబయట స్కానర్ తికమకపడుతుంది. 2019 నాటి ఎస్10లో ఐరిస్ స్కానర్ లేదు.

అలాగని వేలు గెలిచిందనలేం. అదే ఎస్10లో, కొన్ని రకాల స్క్రీన్ కవర్లు వేస్తే ఎవరి వేలు పెట్టినా ఫోను తెరుచుకుంది. కంపెనీ సాఫ్ట్‌వేర్ మార్చి సరిచేయవలసి వచ్చింది. 2014లో జర్మనీ రక్షణ మంత్రి వేలిముద్రను ఆమె ఫోటోల నుంచే తయారు చేసి చూపించారు. నిద్రపోతున్న మిత్రుని బొటనవేలు ఫోనుకు ఆనించడానికి అంత తెలివి కూడా అక్కర్లేదు. డార్మెటరీలో ఉన్నవాళ్లకు ఇది వివరించనవసరం లేదనుకుంటాను! కన్ను విషయంలో కనీసం రెప్ప తెరవాలి.

అసలు చిక్కు వేరే ఉంది. రాళ్లు, సున్నం, సిమెంటు, నాగలి, బీడీ ఆకు – ఇవి పట్టిన చేతులపై గట్లు అరిగిపోతాయి. ఫోను ఆ వేలిని ఒప్పుకోకపోతే పిన్ కొట్టి తెరుస్తాం. రేషను యంత్రం ఒప్పుకోకపోతే మాత్రం పని మానుకుని మళ్లీ రావాలి. ఆధార్‌లో పది వేళ్లతో పాటు రెండు కళ్లను కూడా తీసుకోవడం ఇక్కడే ఉపయోగపడింది. 2021లో తెలంగాణ రేషను షాపుల్లో ఐరిస్ లేదా ఫోనుకు వచ్చే ఓటీపీ పద్ధతి పెట్టారు. కష్టం చేసే చేయి అరిగినంతగా కన్ను అరగదు. అయితే కంటి జబ్బులున్న ముసలివాళ్లకు అదీ ఇబ్బందే.

కాబట్టి వేలిని తీసేసి కన్ను పెట్టాలన్న వాదన నాకు సరిగా తోచదు. ఫోనుకు వేలు చాలు, వెనుక గట్టి పిన్ ఉంటే. అది మీ పుట్టిన సంవత్సరం కాకూడదు. వేలు తీసుకోని చోట కన్ను, కన్నూ కుదరని చోట ఓటీపీ – ఇలా రెండో దారి, మూడో దారి తెరిచి ఉంచాలి. ఏ యంత్రమైనా 'మీరు మీరు కాదు' అన్నప్పుడు ఆ మాట అక్కడితో ఆఖరు కాకూడదు.

మన హాస్టల్ తమ్ముళ్లు, చెల్లెళ్లకు ఒక పని మిగిలి ఉంది. చిన్నప్పుడు ఆధార్ తీసుకున్నవారు పదిహేనేళ్లు నిండగానే వేలిముద్రలు, ఐరిస్, ఫోటో మళ్లీ ఇవ్వాలి. పదో తరగతి, ఇంటర్ విద్యార్థులు ఈసారి సెలవుల్లో ఇంటికి వెళ్లినప్పుడు ఆధార్ కేంద్రానికి వెళ్లి ఆ పని ముగించుకుని రండి. వెళ్లేటప్పుడు అమ్మనో నాన్ననో కూడా తీసుకువెళ్లి, వేలిముద్రలు పడకపోతే వారివీ కొత్తగా వేయించండి.