గొరవయ్యల నృత్తము – ఛాయాచిత్ర ప్రామాణ్యము

కర్నూలు జిల్లా పడమటి భాగమైన ఆదోని, ఎమ్మిగనూరు సీమ తెలుగునకును కన్నడమునకును నడుమ నున్నది. 1953 అక్టోబరు 1వ తేదీవఱకు ఆదోని, ఆలూరు తాలూకాలు బళ్ళారి జిల్లాలోనివే. ఎల్లలు మాఱినను గొరవయ్యల దైవము మాఱలేదు. తుంగభద్రాతీరమందలి మైలారలింగడును, హొళగుంద మండలమందలి దేవరగట్టు మాళమల్లేశ్వరుడును వారికి ఒక్క మూర్తియే. మణిమల్లాసురులను మార్తాండభైరవుడు సంహరించిన కథ సంస్కృత మల్లారిమాహాత్మ్యమున విస్తరముగా నున్నది. ‘గొరవ’ శబ్దము పాతకన్నడ శాసనములలో శైవాచార్యులకు వాచకము. గురుశబ్దభవమని పండితుల యభిప్రాయము. నేడు కురుబ కులమున దీక్షగొన్నవారికి ఆ పేరు నిలిచినది. ఆచార్యవాచకము గొఱ్ఱెలకాపరి దీక్షకు దిగివచ్చినదని కొందఱందురు. అక్కడనే బ్రతికియున్నదనుట న్యాయము.

నల్లని కంబళి, ఎలుగుబంటి వెండ్రుకల కుళ్ళాయి, గవ్వల పట్టెలు, నొసట భండారము, ఒక చేత డమరుకము, మఱియొక చేత పిల్లనగ్రోవి – ఈ యాహార్యము కెమెరా పట్టినవానిని ఇట్టే లోగొనును. అందుచేతనే ఛాయాచిత్రము ఎంతవఱకు ప్రమాణమను ప్రశ్న పుట్టుచున్నది.

నైయాయికులు ప్రత్యక్షమును నిర్వికల్పకము, సవికల్పకము అని రెండు విధములుగా విభజించిరి. నామజాత్యాది యోజన లేని జ్ఞానము నిర్వికల్పకము. ఛాయాచిత్రము ఇట్టిదే. అందు రూపమున్నది; ఇది యేమి, ఈతడెవడు అన్నది లేదు. 1868 మొదలు 1875 వఱకు ఎనిమిది సంపుటములుగా వెలువడిన ‘ది పీపుల్ ఆఫ్ ఇండియా’ గ్రంథమున చాలచోట్ల జాతియోజన మాత్రము జరిగినది, నామయోజన లేదు. మనుష్యుడు కులమునకు మాదిరిగా మిగిలినాడు.

దీని ఫలమెట్టిదో దోణిసేవ వలన తెలియును. మైలారభక్తులలో కొందఱు దోణిలోని పాలు, అరటిపండ్లు మొదలగువానిని నేలకు వంగి, కుక్కలవలె మొఱుగుచు భుజింతురు. భైరవునకు శునకము వాహనము. స్వామి వేటకుక్కలము తామని వారి భావన. అది దాస్యభక్తికి పరాకాష్ఠ. ఆ క్షణమును చిత్రించి, క్రింద ఒక్క వాక్యమైన వ్రాయక ప్రకటించినచో, చూచువానికి కనబడునది భక్తి కాదు, దైన్యము. చిత్రము అసత్యము పలుకలేదు. అయినను అసత్యజ్ఞానము పుట్టినది. ఇది కేవలము శాస్త్రచర్చ కాదు. ఆ చిత్రమును చూచి తలవంచుకొనునది ఆ గొరవయ్య మనుమడు.

విష్ణుధర్మోత్తరపురాణ తృతీయఖండమున మార్కండేయుడు వజ్రునకు చెప్పిన క్రమము ఇచట స్మరణీయము. ప్రతిమాలక్షణము తెలియవలెనన్న చిత్రము, చిత్రము తెలియవలెనన్న నృత్తము, నృత్తమునకు ఆతోద్యము, దానికి గీతము తెలియవలెను. ఈ లెక్కను కెమెరా పట్టినవాడు గీతమునుండి ఆరంభింపవలెను. డమరుకపు దెబ్బ ఎక్కడ పడునో, పిల్లనగ్రోవి ఎప్పుడు ఆగునో ఎఱుగనివానికి అడుగు లేచు క్షణము అందదు. అందినను అది యాదృచ్ఛికము.

నిశ్చలచిత్రము నిరుపయోగమని దీని భావము కాదు. డాక్టర్ నటరాజ రామకృష్ణ పేరిణిని పునరుద్ధరించినపుడు రామప్పగుడి శిల్పములు ఆధారమైనవి. అయితే శిల్పములు మాత్రమే చాలలేదు. 13వ శతాబ్దమున జాయప సేనాని రచించిన నృత్తరత్నావళి ప్రక్కనుండినది. ఆ గ్రంథమున నాలుగధ్యాయములు మార్గమునకు, నాలుగు దేశికి కేటాయింపబడినవి. కాకతీయ సేనాని దేశినృత్తములకు సగము గ్రంథమిచ్చినాడు. మన కళాశాలల పాఠ్యక్రమములు అంత యిచ్చినవా యనునది వేఱు మాట. తెలంగాణ గ్రామజీవనమును ఛాయాచిత్రములలో నిలిపి 2022లో దివంగతుడైన భరత్ భూషణ్ కృషి వంటిది ఈ పడమటి సీమకును కావలసియున్నది. దాని ప్రక్కన జాయపుని పనియు జరుగవలెను.

ఇప్పుడు వార్తాపత్రికలలో ఏటేట వచ్చునవి దేవరగట్టు విజయదశమి రాత్రి చిత్రములు. అందు కఱ్ఱలు, దివిటీలు, పగిలిన తలలు. అదే ఉత్సవమున పాల్గొను గొరవయ్యలు ఆ చిత్రములలో అరుదు. మైలారమున మాఘమాసపు ఉత్సవమందు గొరవయ్య ఎత్తైన విల్లు ఎక్కి కార్ణికము పలుకును; చిత్రమున విల్లు కనబడును, పలుకు వినబడదు. ఆ పలుకును ఆనాటి తేదీతో, పలికినవాని యనుమతితో వ్రాసియుంచినపుడే చిత్రము సాక్ష్యమగును.

అన్నింటికంటె ముందు చిత్రింపవలసినది కుళ్ళాయి. 1972 వన్యప్రాణి సంరక్షణచట్టము ఎలుగుబంటి వేటను నిషేధించినది; అది యుక్తమే. కనుక పాత కుళ్ళాయి చీకిపోయినచో అట్టిది మరల రాదు. ప్రతి కుళ్ళాయిని నాలుగు వైపులనుండి తీసి, అది ఎన్ని తరములది, ఎవరి చేతినుండి ఎవరి తలకు వచ్చినది, దీక్షనాడు ఎవరు పెట్టిరి అనునవి ఆ యింటివారి మాటలలోనే చిత్రము వెనుక వ్రాయవలెను.