యంత్రబుద్ధియు, విత్తు వేళయు

మనుష్యుడు బుద్ధితో చేయు కొన్ని పనులను యంత్రములచేత చేయించు విద్యకు కృత్రిమ మేధ యని పేరు. ఈ విద్య నాధారముగా గొని నేడు పెక్కు సాధనములు నిర్మింపబడుచున్నవి. వానిని గూర్చి వినినంతనే "లోపలి యంత్రమెంత గొప్పది?" అని యడుగుట మనకు వాడుక. "దీనిని వాడువాని కేమి కావలెను?" అనునదియే మొదటి ప్రశ్న కావలెను.

ఇందులకు మన రాయలసీమయందే యొక దృష్టాంతము కలదు. మన కాణిపాకము ప్రాంతమందువలెనే కర్నూలు జిల్లా దేవనకొండ మండలమందును వానను నమ్ముకొని చెనిక్కాయ, అనగా వేరుసెనగ, పండించు రైతులు గలరు. తొలకరి పడగానే విత్తుటయా, మరికొన్ని దినము లాగుటయా యనునదే వారి చిక్కు. విత్తిన పిమ్మట వాన మొగము చాటువేసినచో మొలకలు మాడును. విత్తనమును కూలియు మంటగలిసి, అప్పు మాత్రము నిలుచును.

2016వ సంవత్సరమున పటాన్‌చెరువునందలి ఇక్రిశాట్ పరిశోధన సంస్థయు మైక్రోసాఫ్ట్ కంపెనీయు కలిసి, 1986 మొదలు 2015 వరకు గల ముప్పది యేండ్ల వాతావరణపు లెక్కలను యంత్రమున కందించి, విత్తుటకు చాలినంత తేమ నేలలో నుండు వారమేదో గణింపజేసిరి. ఆ గణితము మిక్కిలి కఠినము. అయినను 175 మంది రైతులకు చేరినది గణితము కాదు; ఫోనులో తెలుగు సందేశము. ఎప్పుడు విత్తవలెనో, నేల నెట్లు సిద్ధపరుపవలెనో, ఎరువెట్లు వేయవలెనో అందు తెలుపబడెను. పొలములో పరికరములు పాతనక్కరలేదు. సందేశ మందుకొను సామాన్యపు ఫోనున్న చాలును. జూన్ మొదట విత్తు నలవాటుగలవారిని ఆ నెల చివరి వారము వరకు ఆగుడని ఆ సలహా చెప్పెను. దాని ననుసరించినవారికి హెక్టారుకు సగటున నూటికి 30 వంతుల దిగుబడి యధికమాయెనని నిర్వాహకులు ప్రకటించిరి. మరుసటి యేడు ఆంధ్రప్రదేశ్, కర్ణాటక రాష్ట్రములలో 3,000 మందికి పైగా రైతులకు సలహాలందినవి.

ఇందు గమనింపదగినవి మూడు. మొదటిది భాష: రైతు ఇంటిలో మాటాడు భాషనే వాడిరి. రెండవది సాధనము: అతని చేతనున్న దానితోనే పని జరిపిరి. మూడవది ప్రయోజనము: అతనికి మేఘశాస్త్రము బోధింపలేదు, గొర్రు కట్టవలసిన దినము చెప్పిరి.

అట్లయిన లోపలి విద్య అల్పమా? కాదు. లెక్క తప్పినచో, సులభముగా అర్థమగు సందేశమే రైతును సులభముగా ముంచును. ఒక్క కారు దిగుబడి శాశ్వత ప్రమాణమును కాదు. కనుక ఈ సలహా అంచనాయే కాని నిశ్చయము కాదని అతనికి తెలుపుటయు నిర్మాతల ధర్మమే. పునాది గట్టిగా నుండవలెను. కాని యిల్లు ఎవరికొరకో తెలియక పునాది త్రవ్వరాదు గదా!

విద్యార్థులారా, మీలో కొందరు రేపు ఇట్టి సాధనములను నిర్మింతురు. ఈ సెలవులలో నొక పని చేయుడు. మీ యూరిలో చదువురాని అవ్వ నొకతెను సమీపించి, ఫోనుతో ఆమెకు పడు కష్టమేమో అడిగి వ్రాసికొనుడు. పిమ్మట ఈ ప్రశ్నలకు ఉత్తరములు వ్రాయుడు:

1. అక్షరములు చదువలేనివారికి విత్తు సలహా ఎట్లు చేరవలెను?
2. సలహా తప్పినచో నష్టము భరించువారెవరు? ఆ సంగతి నిర్మాత ఏల మరువరాదు?